ఆనవాలు: బొమ్మల లోకంలో ఒక నేర పరిశోధన



ఒక డ్రాయింగ్ మాస్టారి స్మారక సభలో హత్యల నవలల గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరిద్దరు తటపటాయించారు. మా సారును దగ్గరగా ఎరిగినవాళ్లకు ఆ జంకు ఉండదు. ఆయన సైకిల్ హ్యాండిల్‌కు వేలాడే సంచిలో ఎప్పుడూ రెండు ఉండేవి. ఒకటి గీతల కాగితాల కట్ట. రెండోది అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవల. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మా క్లాసులో చాలామందికి సారు నోటి నుంచే పరిచయం. బొమ్మ గీయడం రానివాడికి కూడా చూడటం రావాలి, చూడటం నేర్పే పుస్తకాలివి అనేవారు. ఆ మాట పట్టుకొనే ఈ ఉపన్యాసం నడుపుతాను.

ఇంగ్లండులో రెండు ప్రపంచయుద్ధాల నడుమ డిటెక్టివ్ నవల ఒక క్రమశిక్షణ గల కళగా ఎదిగింది. 1930లో అక్కడి రచయితలు డిటెక్షన్ క్లబ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో చేరేవాళ్లు చేసే ప్రమాణంలో ముఖ్యమైనది పాఠకుడి దగ్గర ఆధారం దాచబోమన్న మాట. డిటెక్టివ్‌కు కనిపించినదంతా పాఠకుడికీ కనిపించాలి. అతను తేల్చాడు, మనం తేల్చలేకపోయామంటే తేడా చూపులోనే ఉండాలి. ఈ నియమం వల్లనే చిత్రకారుల ప్రపంచం ఆ రచయితలను అంతగా లాగిందని నా నమ్మకం. బొమ్మ కూడా అటువంటిదే. దాని మీద ఉన్నదంతా అందరి కళ్ల ముందూ ఉంటుంది. అయినా వందమంది చూసి వెళ్లిపోతారు, ఒకరు ఆగుతారు.

డొరొతీ సేయర్స్ 1931లో రాసిన 'ఫైవ్ రెడ్ హెరింగ్స్' స్కాట్లాండులోని గాలోవే ప్రాంతంలో జరుగుతుంది. అది చిత్రకారులు గుంపుగా నివాసముండే చోటు. అందరితో తగాదా పెట్టుకునే ఒక చిత్రకారుడు వాగు దగ్గర చచ్చి పడి ఉంటాడు. పైన స్టాండు మీద సగం గీసిన ప్రకృతి దృశ్యం, ఇంకా తడి ఆరలేదు. గీస్తూ గీస్తూ వెనక్కి అడుగేసి జారిపడ్డాడనుకుంటారు అంతా. డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ అతని రంగుల సామానంతా బయటపెట్టి వెతుకుతాడు. ఒక వస్తువు లేదు. అది లేదు కాబట్టి ఇది ప్రమాదం కాదు, హత్య అంటాడు. ఆ వస్తువేమిటో సేయర్స్ అక్కడ చెప్పదు. తెలివిగల పాఠకుడు తానే పోల్చుకుంటాడని వదిలేస్తుంది.

ఈ నవల నేను యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో చదివాను. అక్కడ ఆగి, ముందుకు పోయి, చివరికి రచయిత్రి చెప్తే గానీ నాకు తెలియలేదు. సెలవులకు వచ్చినప్పుడు కథ సారుకు చెప్పాను. అడవి, వాగు, స్టాండు మీద ఆకాశం, మబ్బులు, తడి రంగులు, పెట్టెలో లేని ఒక వస్తువు. నేను ప్రశ్న పూర్తి చేయకముందే సారు అన్నారు: "తెల్ల రంగు గొట్టం లేదు. తెలుపు లేకుంట మబ్బెట్ల గీస్తడు? ఇంకెవడో గీసి, మరిచిపోయి గొట్టం జేబుల ఏసుకొని పోయిండు." ఇంగ్లిషు నవలలు చదవని మనిషి, స్కాట్లాండు ఎక్కడుందో పటంలో చూపడానికి కూడా తడబడే మనిషి. రంగు కలిపిన చేతికి ఆ జవాబు తెలుసు. తైలవర్ణాల్లో ఏ రంగును లేతగా చేయాలన్నా తెలుపు కావాలి. అన్నిటికంటే ముందు అయిపోయేది, పెద్ద గొట్టం కొనుక్కునేది అదే.

ఆ కాలపు మిగతా నవలల్లో మూడింటిని తొందరగా తలుచుకొని ముందుకు పోతాను. మార్జరీ అలింగ్‌హామ్ 1934 నవల 'డెత్ ఆఫ్ ఎ గోస్ట్'లో పేరుమోసిన చిత్రకారుడొకడు తాను పోయాక ఏడాదికొకటి చొప్పున బయటపెట్టమని చిత్రాలు మిగిల్చిపోతాడు. అటువంటి ఒక ఆవిష్కరణ సభలోనే హత్య జరుగుతుంది. కళాకారుడి చావుతో బొమ్మ ధర పెరుగుతుందన్న చేదు నిజం చుట్టూ అల్లిన కథ అది. నైయో మార్ష్ 1938లో రాసిన 'ఆర్టిస్ట్స్ ఇన్ క్రైమ్'లో విద్యార్థుల ముందు భంగిమలో పడుకోబోయిన మోడల్ అమ్మాయి వీపులో కింద బిగించి పెట్టిన కత్తి దిగుతుంది. మార్ష్ స్వయంగా న్యూజిలాండులో చిత్రకళ చదువుకుంది. స్టూడియోలోని గచ్చు, బల్ల, సుద్దగీతలు ఆమె రాసినంత బాగా ఇంకెవరూ రాయలేదు. అగాథా క్రిస్టీ 1942 నాటి 'ఫైవ్ లిటిల్ పిగ్స్'లో చిత్రకారుడు విషంతో చనిపోయిన పదహారేళ్లకు డిటెక్టివ్ పాయ్‌రో కేసు తిరగేస్తాడు. సాక్ష్యాలన్నీ పాతబడ్డాయి, మనుషుల జ్ఞాపకాలు వంకరపోయాయి. మారనిది ఒక్కటే, చనిపోయే గంటల్లో ఆ చిత్రకారుడు గీస్తూ ఉన్న బొమ్మ. పాయ్‌రో చివరికి దాని ముందు నిలబడతాడు. బొమ్మలోని అమ్మాయి కళ్లలో ఏముందో చదువుతాడు. నా మటుకు నాకు క్రిస్టీ రాసిన వాటిలో ఇదే గొప్పది. ఎందుకంటే అందులో బొమ్మ అలంకారం కాదు, అదే సాక్షి.

నేరం పసిగట్టే విద్య, బొమ్మను పోల్చే విద్య వేరువేరు చోట్ల పుట్టినా ఒకే ఇంటి పిల్లలు. 1870లలో ఇటలీకి చెందిన జొవానీ మొరెల్లీ ఒక పద్ధతి చెప్పాడు. వైద్యం చదువుకున్నవాడు కాబట్టి శరీరాన్ని ముక్క ముక్కగా చూడటం అతనికి అలవాటు. ఎవరు గీశారో తెలియని బొమ్మలో ముఖం చూడొద్దు, భావం చూడొద్దు, చెవి తమ్మె చూడండి, గోళ్లు చూడండి అన్నాడు. ముఖాన్ని నకలు చేసేవాడు జాగ్రత్తగా చేస్తాడు. చెవి దగ్గరికి వచ్చేసరికి ఏమరుపాటున తన చేతి అలవాటు బయటపెడతాడు. తర్వాత కోనన్ డాయిల్ కథలో షెర్లాక్ హోమ్స్ కోసిన చెవుల రూపాన్ని బట్టి చనిపోయిందెవరో తేల్చాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి 1979లో కార్లో గింజ్‌బర్గ్ అనే చరిత్రకారుడు పేరుపొందిన వ్యాసం రాశాడు. మన దేశానికీ ఇందులో వాటా ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో తెరుచుకుంది. ఆ ముద్రలను వర్గాలుగా విడగొట్టే లెక్క వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల మేధ ఉంది. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

ఇప్పుడు మన ఉత్తర తెలంగాణ చేతిపనులను ఆ కళ్లతో చూడండి.

ఆదిలాబాద్ వైపు కేస్లాగూడ, ఉషెగాం లాంటి ఊళ్లలో ఓజాలు పోతపోసే ఇత్తడి బొమ్మలున్నాయి, డోక్రా అంటున్నాం. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. అది ఎండాక మైనాన్ని సన్నటి దారాల్లా తీసి దాని చుట్టూ చుడతారు. నగ, కన్ను, జుట్టు అన్నీ ఆ మైనపు దారమే. పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగి పారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. చల్లారాక పై మట్టిని పగలగొడతారు. అచ్చు మిగలదు. అందుకే రెండు డోక్రా బొమ్మలు అచ్చంగా ఒకేలా ఉండవు, ఉంటే అనుమానించాలి. మైనం మెత్తనిది. దాన్ని నొక్కిన వేలి గుర్తు, గోటి గాటు పడితే అది ఇత్తడిలోకి దిగి అలాగే నిలుస్తుంది. సంతకం చేయని కళాకారుడు తెలియకుండానే తన ఆనవాలు వదిలే తావు అది.

నిర్మల్ కొయ్యబొమ్మను గుర్తుపట్టే పద్ధతి వేరు. పొనికి కర్ర చేతికి తేలిగ్గా ఉంటుంది, చూపుకు కనిపించినంత బరువుండదు. పెచ్చు ఊడిన చోట చూస్తే కర్ర మీద చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన లప్పం పొర, దాని మీద తెల్లమట్టి, దాని మీద రంగు వరసగా కనిపిస్తాయి. ఆ వరస లేని బొమ్మ నిర్మల్‌లో అమ్మినా నిర్మల్ బొమ్మ కాదు. పొనికి చెట్లు తగ్గిపోవడంతో ఈ తేడా పోల్చుకోవాల్సిన అవసరం రోజురోజుకూ పెరుగుతోంది. కరీంనగర్ వెండి తీగపని విషయంలో తీగ మందం, మెలిక బిగువు, అతుకు శుభ్రత చెప్తాయి ఏ చేతిదో.

ఈ మూడింటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండి తీగపనికి 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో. సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరిని కాపాడుతుంది, చేసినవాణ్ని కాదు. కొన్ని ఇంగ్లిషు నవలల్లో కథంతా చిత్రం మూలన ఉన్న సంతకం చుట్టూ తిరుగుతుంది. అది అసలుదా, నకిలీదా అని. మన నకాషీ, మన ఓజా, మన కంసాలి మూలన ఏమీ రాయలేదు. మన పెద్దపల్లి, కరీంనగర్ పల్లెల నుంచి వెళ్లి పేరు సంపాదించుకున్న చిత్రకారుడు తోట వైకుంఠం. బూరుగుపల్లిలో 1942లో పుట్టి, హైదరాబాదులో, బరోడాలో చదివి, మన పల్లె ఆడవాళ్ల కుంకుమ బొట్టునూ ముక్కెరనూ దేశం గోడల మీదికి ఎక్కించినవాడు. ఆయన బొమ్మకు సంతకం ఉంది, ధర ఉంది, కాబట్టి చట్టం ఉంది. సంతకం లేని వెయ్యి చేతుల పనికి ఏముంది?

నేను చదివినంతలో తెలుగు డిటెక్టివ్ నవలల్లో హత్య వజ్రం కోసమో, వీలునామా కోసమో జరుగుతుంది. బొమ్మ కోసం జరగడం అరుదు. బొమ్మకు ప్రాణం తీసేంత ధర ఉంటుందని మనకు ఆలస్యంగా తెలిసింది. తెలిసేనాటికి మన దగ్గర జరుగుతున్న నేరం ఇంగ్లిషు నవలలకు తిరగేసిన రూపంలో ఉంది. అక్కడ మనిషి చస్తాడు, బొమ్మ సాక్ష్యం చెప్తుంది. ఇక్కడ చచ్చేది బొమ్మే. సాక్ష్యం చెప్పాల్సింది మనం.

మనకు దగ్గరలో జరిగిన రెండు నిజమైన కేసులు చెప్తాను. రెండూ తేలాయి. ఎందుకు తేలాయన్నదే నాకు ముఖ్యం.

మొదటిది అందరికీ గుర్తున్నదే. 2018 సెప్టెంబరు మొదటివారంలో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో రాత్రిపూట దొంగలు పడ్డారు. వెంటిలేటర్ గుండా తాళ్లతో దిగి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు చెందిన రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. కెమెరా మొహం పక్కకు తిప్పారు. అంతా అచ్చం నవలలో లాగే నడిచింది. దాదాపు వారం రోజుల్లో సామానుతో సహా ఇద్దరు దొరికారు. సీసీ కెమెరాల దృశ్యాలు జల్లెడ పట్టిన పోలీసుల శ్రమ అందులో ఉంది. దానికి తోడు ఇంకొకటి ఉంది. ఆ టిఫిన్ బాక్సు ఫొటో తెల్లారేసరికి దేశమంతటి పత్రికల్లో, టీవీల్లో ఉంది. దాన్ని కొనే ధైర్యం ఎవడికుంటుంది?

రెండోది ప్రకాశం జిల్లా చందవరంది. గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. అక్కడి మ్యూజియం నుంచి 2000-2001 ప్రాంతంలో సున్నపురాతి శిల్పాలు మాయమయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ని కొలిచే భక్తుల పలక, క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది, న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దుకాణం మీదుగా ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ చేరింది. 2005లో ఆ గ్యాలరీ దానికి 5,95,000 డాలర్లు చెల్లించింది. కూడా వచ్చిన కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, కాకపోతే కల్పితం. కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడ్డాడు, మరుసటి ఏడు తమిళనాడుకు తెచ్చారు, 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. ఆ శిక్ష తమిళనాడు విగ్రహాల కేసులో. మన చందవరం పలక 2016 సెప్టెంబరులో తిరిగి భారతదేశం చేతికొచ్చింది. దాన్ని గుర్తుపట్టించినవి చందవరంలో ఉన్నప్పటి పాత ఫొటోలు. ఎవరో ఒక అధ్యయనశీలి, ఎప్పుడో ఒక మధ్యాహ్నం, ఆ రాయి ముందు ఆగి కెమెరా నొక్కాడు. ఏళ్ల తర్వాత ఖండాంతరంలో ఉన్న రాయికి అదే జన్మపత్రం అయింది.

ఫొటో ఉన్న రెండూ దొరికాయి. ఇప్పుడు దొరకని దాని సంగతి.

మా ప్రాంతంలో ఒక ఊరు, గోదావరికి దగ్గర. చెరువు కట్ట కింద వేపచెట్టు మొదట్లో ఒక వీరగల్లు ఉండేది. ఊరివాళ్లు వీరుని రాయి అనేవాళ్లు, పండుగకు పసుపు పూసేవాళ్లు. ఒకనాటి పొద్దున చూస్తే గుంత మాత్రం ఉంది. రాయి కింద నిధి ఉందనుకొని తవ్వారో, రాయి కోసమే తవ్వారో ఈనాటికీ తెలియదు. నలుగురం ఠాణాకు పోయాం, సారు కూడా వచ్చారు. ఎస్సై మర్యాదగానే అడిగాడు: "ఫొటో ఉన్నదా సారూ? ఎత్తెంత? మీద ఏమున్నది?" ఎవరి దగ్గరా ఫొటో లేదు. ఎత్తు ఒకరు మోకాలిదాకా అన్నారు, ఒకరు నడుందాకా అన్నారు. గుర్రం మీద మనిషి అన్నారొకరు, గుర్రం లేదు, కత్తి పట్టుకొని నిలబడ్డడు అన్నారింకొకరు. పుట్టిననాటి నుంచి ఆ రాయి పక్కనుంచి నడిచినవాళ్లం అందరం. ఎస్సై కలం పక్కన పెట్టాడు. అతణ్ని తప్పుపట్టలేను. ఏం పోయిందో చెప్పలేనివాళ్ల ఫిర్యాదు ఏమని రాసుకుంటాడు?

వాపసు వస్తూ సారు కట్ట దగ్గర ఆగారు. అక్కడ శుక్రవారం శుక్రవారం రాయికి దీపం పెట్టే ముసలవ్వ ఒకామె ఉండేది. చూపు బాగా మందగించింది. సారు ఆమె పక్కన నేల మీద కూర్చొని, "అవ్వా, పసుపు ఎట్ల పూస్తుంటివో చెప్పు, చెయ్యి ఎటునుంచి ఎటు పోతుండె?" అని అడిగారు. ఆమె కళ్లు మూసుకొని గాలిలో చెయ్యి కదిలించింది. "ఈడ తల, కొప్పు కుడిదిక్కు. ఈడ బుజం మీద దెబ్బ, నా బొటనేలు వట్టేటంత గుంత. ఎడమ చేతిల బాకు, కుడి చెయ్యి పైకి. కాళ్ల నడుమ చిన్న కుక్క, బిడ్డా. కింద మూడు గీతలు, ఏలు పెడితె తాకుతయి." ఆ కుక్క సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. పసుపు, కుంకుమ, నూనె పేరుకున్న రాతి మీద కుక్క బొమ్మ ఉందని ఆమె వేళ్లకే తెలుసు. సారు సంచిలోంచి కాగితం తీసి ఆమె చెప్పింది చెప్పినట్టు గీశారు. గీసి ఆమె వేలు పట్టుకొని గీతల మీద నడిపిస్తూ, ఇంత దూరమా, ఇంకా కిందికా అని కొలతలు దిద్దుకున్నారు. దీపం పెట్టే గూటికీ రాయి తలకూ ఎంత ఎడమని అడిగి ఎత్తు కట్టారు. పోలీసులు ముక్కు మొహం తెలియని నేరస్థుడి ఊహాచిత్రం గీయిస్తారే, అట్లా పోయిన రాయికి గీయడం నేను చూసింది అదొక్కసారే. ఆ బొమ్మ జతపరిస్తే ఫిర్యాదు నమోదైంది. రాయి మాత్రం దొరకలేదు.

మొరెల్లీ చెవి తమ్మె చూడమన్నాడు. మా అవ్వ వేలి గుంత చెప్పింది. విద్య ఒకటే. ఆమె దగ్గర ఉన్నదాన్ని మనం ముందుగా కాగితం మీద పెట్టుకోలేదు, అంతే.

ఇది ఒక ఊరి ముచ్చట కాదు. గుప్తనిధుల పిచ్చి మన జిల్లాల్లో ఎంత పాతదో, ఎంత కొత్తదో పత్రికలు చదివే మీకు తెలుసు. పాడుబడ్డ గుడిలో శివలింగాన్ని పెకలిస్తారు, నంది కడుపులో వజ్రాలున్నాయని పగలగొడతారు. దొరికేది ఏమీ ఉండదు. పోయేది వెయ్యేళ్ల పని. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాన్ని దేశం దాటించరాదు. 2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలకు కొరత లేదు. కానీ ఏ చట్టమైనా అడిగే మొదటి ప్రశ్న ఆ ఎస్సై అడిగిందే.

దొంగకంటే పెద్దది క్వారీ. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన జైన ప్రతిమలు, వాటి కింద మూడు భాషల శాసనం ఉన్నాయి. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడాయన. తల్లిదండ్రుల పేర్లు, అన్న పేరు, వేములవాడ చాళుక్య అరికేసరి ఇచ్చిన దానం రాతి మీద రాయించాడు. తెలుగు కందపద్యం ఎంత పాతదో చెప్పే శాసనాల్లో ఇది ఒకటి. పంపడి కుటుంబం గురించి సాహిత్య చరిత్రకారులు ఈనాడు రాసేదానికి చాలావరకు ఈ రాయే సాక్షి. సంతకం లేని మన కళలో ఇంత పూర్తి సంతకం మరోచోట నేను చూడలేదు. అదే కరీంనగర్ గుట్టల నుంచి టాన్ బ్రౌన్ గ్రానైట్ బండలు ఓడలెక్కి పోతున్నాయి. బొమ్మలమ్మ గుట్టకు ముప్పు వచ్చినప్పుడు దాన్ని అడ్డుకోవడానికి జనం దగ్గర శాసన పాఠం, అచ్చు ప్రతులు, ఫొటోలు ఉన్నాయి. అవి లేని గుట్టలెన్నో. వాటి మీద ఏ గీత ఉండేదో అడిగినా చెప్పేవాడు లేడు. నవలలో శవం దొరకకపోతే హత్య రుజువు చేయడం కష్టమని చదువుతాం. క్వారీ శవాన్ని మిగల్చదు, పాలిష్ చేసి వంటింటి గట్టుగా వేస్తుంది.

ధూళికట్ట స్తూపం వేరే కథ. హుస్సేనీ వాగు ఒడ్డున ఆ శాతవాహన కాలపు స్తూపాన్ని 1970లలో పురావస్తు శాఖ తవ్వింది. ఐదు పడగల ముచిలిందనాగు చెక్కిన సున్నపురాతి పలక బయటపడింది. తవ్వినవాళ్లు కొలిచారు, గీశారు, ఫొటో తీశారు, అచ్చువేశారు. అందుకే ఆ నాగును పాఠ్యపుస్తకంలో చూసిన మన పిల్లవాడు ప్రపంచంలో ఎక్కడ కనబడినా గుర్తుపడతాడు.

ఆదిలాబాద్ గోండు గూడేల గురించి కూడా చెప్పాలి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టు చేతిలో ఉంది. ఆ కారణంగా హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చింది. కుమ్రం భీం 1940లో నేలకొరిగిన తర్వాతి రోజుల్లో మార్లవాయిలో ఉంటూ గోండుల జీవితాన్ని రాసుకున్నాడు. భార్య బెట్టీ కూడా పక్కనే పనిచేసింది. వాళ్లు తీసిన వేల ఫొటోలు లండన్ సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆ దంపతుల మీద మనకున్న గౌరవం సరే. నేనిక్కడ చెప్పేది వేరు. గోండుల దేవుడు పెర్సాపేన్ ముందు పెట్టే ఇత్తడి గంట, చామరం, దండారి నెమలీకల కిరీటం, ఒక గూడెంలోవి ఎనభై ఏళ్ల కింద ఎట్లా ఉండేవో తెలియాలంటే లండన్‌ను అడగాలి. అవి దేవుడి వస్తువులు, ఓజాలు భక్తితో పోసినవి. ఎవరి షోకేసులోనో తేలిన నాడు ఇది మాదని చెప్పడానికి గూడెం చేతిలో కాగితం ఉండాలి. ఫొటో తీయాలా వద్దా, ఎవరు తీయాలి, ఎవరి దగ్గర ఉండాలి అన్నది మాత్రం గూడెం పెద్దలు, పటేళ్లు, పూజారులైన కటోడాలు తేల్చాల్సిన మాట. దేవుణ్ని బయటివాడి కెమెరాకు చూపకూడదనుకుంటే అదీ వాళ్ల హక్కే.

ఇక పని సంగతి. పోయిన కళావస్తువును పోల్చడానికి ప్రపంచమంతటా పోలీసులు, మ్యూజియంలు వాడే ఒక పట్టిక ఉంది, ఆబ్జెక్ట్ ఐడీ అంటారు, 1997లో వచ్చింది. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. వస్తువేమిటి, దేనితో చేశారు, పొడవు వెడల్పు ఎత్తు, మీద రాత ఏమైనా ఉందా, ఎవరి బొమ్మ, ఏ కాలం, ఎవరు చేశారు, ఫొటో. అన్నిటికంటే విలువైన గడి ఇంకొకటుంది. ఈ వస్తువుకే ఉన్న ప్రత్యేక గుర్తులు: పగులు, చెక్కు, అతుకు, మరక. మా అవ్వ చెప్పిన బొటనవేలి గుంత ఆ గడిలోకి వస్తుంది. దొంగ రాయిని రంగు మార్చగలడు, కడగగలడు, దొంగకాగితం పుట్టించగలడు. పగులును మార్చలేడు, మారిస్తే కొత్త పగులు పాత పగులు కాదని చెప్పేస్తుంది.

ఫొటో తీసేటప్పుడు ముందు ఒక్కటే తీసి ఊరుకోవద్దు. వెనక తీయాలి, రెండు పక్కలా తీయాలి, అడుగు కనబడితే అడుగు తీయాలి. కొనేవాళ్లు ముందు భాగమే చూస్తారు, నకలు చేసేవాడు వెనక నిర్లక్ష్యం చేస్తాడు. పక్కన స్కేలు పెట్టాలి. స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ల చాలు. పొద్దున పూట ఏటవాలు ఎండలో తీస్తే అరిగిన గీత కూడా నీడపడి లేచి కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం చచ్చినట్టు ఉంటుంది. ఈ సంగతి సారు మాకు గుడి స్తంభం ముందు నిలబెట్టి నేర్పారు, ఫొటో కోసం కాదు, నీడ వేయడం కోసం. పసుపు, నూనె పొరలు గీకి శుభ్రం చేయకూడదు. పూజలో ఉన్న దేవుడికి ముందు పూజారినో, దీపం పెట్టే అమ్మనో అడిగి, వాళ్లు చెప్పింది కూడా రాసుకోవాలి. ఆ మాట ఏ కెమెరాలోనూ పడదు.

ఆ కాగితం మూడు చోట్ల ఉండాలి: ఊరి బడిలో ఒకటి, గ్రామపంచాయతీలో ఒకటి, కరీంనగర్ పురావస్తు మ్యూజియంలో ఒకటి. ఒకచోట చెదపట్టినా ఇంకోచోట మిగులుతుంది. ఎక్కడెక్కడ ఏమేం ఉందో అన్నది మాత్రం ఫేస్‌బుక్కుల్లో పెట్టొద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. కాపలా లేని గుడి చిరునామా, విగ్రహం ఫొటో కలిపి పెట్టడం దొంగకు దారి చూపడమే.

సారు పేరున కుటుంబం ఇచ్చిన నిధి మీద వచ్చే వడ్డీ ఇప్పటిదాకా ఈ ఏటేటి సభకు, శాలువాకు ఖర్చవుతోంది. ఈ ఏడు నుంచి శాలువా మానేద్దామని, ఆ డబ్బుతో హైస్కూలు పిల్లలకు కొలత టేపులు, కాగితాలు, పెన్సిళ్లు కొని ఇద్దామని కుటుంబం ఒప్పుకుంది. ఫోన్లు ఇళ్లలో ఉన్నాయి. ఒక్కో బడి తన ఊరి చెరువు కట్టతో మొదలుపెడుతుంది. ప్రతి రాయికీ ఫొటోతో పాటు పిల్లలు గీసిన బొమ్మ కూడా ఉండాలన్నది నా పట్టుదల. గీస్తేనే కాళ్ల నడుమ కుక్క కనబడుతుంది. డ్రాయింగ్ పోస్టు ఖాళీగా ఉన్న బళ్లలో సారు పాత శిష్యులు వంతులవారీగా వెళ్తామని మాటిచ్చారు. పేర్ల జాబితా గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, ఇంకా పది ఊళ్లకు మనుషులు కావాలి.